చాప బల్లగా మారిన వైనం

కలప పరిశ్రమలో కొత్త సరుకు ఎట్లా పుడుతుంది? వైట్‌ఫీల్డ్‌లో కంటబడిన ఒక ముక్క చెప్పిన పాఠం

ఈమధ్య స్వంత పనిమీద బెంగుళూరు వెళ్ళి, నాలుగు రోజులు వైట్‌ఫీల్డ్‌లో మా తమ్ముడి కూతురి ఇంట ఉండవలసి వచ్చింది. వంట ఇంట్లో అలమరలు బిగించడానికి ఒక వడ్రంగి మేస్త్రి వస్తూ పోతూ ఉన్నాడు. మదనపల్లె వైపు మనిషి, మాట కలుపుగోలు. నేను నేత సంఘం పత్రికకు రాస్తుంటానని మా అమ్మాయి చెప్పగానే, తన సంచిలోనుంచి అరచేతి వెడల్పు చెక్కముక్క ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "ఇదేమిటో మీరే చెప్పాలండీ" అన్నాడు.

అటూ ఇటూ తిప్పి చూశాను. బరువు ప్లైవుడ్డు బరువే. అంచు గట్టిగా, నల్లగా ఉంది. కాని పైముఖం చూస్తే మాత్రం నాకు నవ్వు వచ్చింది. రెండు పేళ్ళు పైన, రెండు పేళ్ళు కింద, వరుస వరుసకూ ఒక్కొక్క పేడు జరుగుతూ పోయే ఏటవాలు అల్లిక. మగ్గం మీద కూర్చున్నవాడెవడైనా కళ్ళు మూసుకుని చెప్పగలిగిన నేత.

"ఇది నేత గదయ్యా!" అన్నాను.

"నేతేనండీ. వెదురు చాప. నాలుగైదు చాపలు జిగురులో ముంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వేడి ప్రెస్సులో నొక్కుతారు. తలుపు పలకగా పనికివస్తుంది, గోడకు కొట్టుకోవచ్చు. నీళ్ళు తగిలితే పొరలు విడిపోవు" అన్నాడు.

"ఇది కనిపెట్టింది ఎవరు?" అని అడిగాను. అతడు కాసేపు ఆలోచించి, "ఎవరో ఒక్కరు కాదనుకుంటానండీ" అన్నాడు.

ఆ జవాబే ఈ వ్యాసానికి మూలం. కొత్త సరుకు అనగానే మనకు ఒక మేధావి, ఒక దీపం, ఒక రాత్రి మెరిసిన ఆలోచన గుర్తుకు వస్తాయి. కలప, వెదురు మున్నగు అడవి సరుకుల పరిశ్రమలో మాత్రం అట్లా జరిగిన సందర్భాలు బహు తక్కువ. అక్కడ కొత్తదనం మగ్గం మీద గుడ్డ పుట్టినట్లే పుడుతుంది. పడుగు ఒకరు పోస్తారు, పేక ఒకరు చుడతారు, రంగు ఒకరు అద్దుతారు, బేరం ఒకరు తెస్తారు. ఏ ఒక్క పోగు తెగినా గుడ్డ లేదు. ఆ కథను మన నేత సోదర సోదరీమణుల ముందు ఉంచడం ఉపయోగకరమని తోచి రాస్తున్నాను.

సముద్రం లేని రేవు

ముందుగా ఆ ఊరి సంగతి రెండు మాటలు. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడయరు ఇచ్చిన భూమిలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల కోసం ఏర్పడిన సేద్యపు పల్లె వైట్‌ఫీల్డ్. ఆ ప్రయత్నానికి ముందు నిలిచిన డేవిడ్ ఇమాన్యుయేల్ స్టార్కెన్‌బర్గ్ వైట్ పేరే ఊరికి నిలిచింది. పక్కనే కాడుగోడి. కన్నడంలో కాడు అంటే అడవి. అక్కడి అటవీ భూములకు ప్లాంటేషను అనే పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. 1990ల తరువాత అడవి పేరు మిగిలింది గాని, చుట్టూ లేచినవి కంప్యూటరు కంపెనీల భవనాలు, వాటి వెంట వేలకొద్దీ కొత్త కాపురాలు. ఆ కాపురాలలో తెలుగువారికి కొదవలేదు.

అంతకంటె మన విషయానికి దగ్గరైన సంగతి మరొకటి ఉంది. బెంగుళూరుకు వచ్చే పోయే ఓడ సరుకుకు ముఖ్యమైన కంటైనర్ డిపో ఈ వైట్‌ఫీల్డ్‌లోనే ఉంది. మద్రాసు రేవుతో దీనికి రైలు సంబంధం. అంటే సముద్రం లేని ఊరిలో ఒక రేవు అన్నమాట. పరదేశపు సరుకు ఇక్కడ దిగుతుంది, మన సరుకు ఇక్కడ ఎక్కుతుంది. కొత్త ఇళ్ళ అలమరలకు, తలుపులకు గిరాకీ కళ్ళ ఎదుటే ఉంది. ఒక సరుకు నిలుస్తుందో పోతుందో ఇటువంటి చోట్లే తేలుతుంది. పరిశోధన జరిగేది మాత్రం ఇదే నగరంలో ఇంకో అంచున, తుమకూరు రోడ్డు మీద, మల్లేశ్వరంలో.

పోటీదారులు కలిసి పెట్టుకున్న ప్రయోగశాల

మన దేశంలో ప్లైవుడ్డు పరిశ్రమ మొదట బతికింది తేయాకు పెట్టెల మీద. పెట్టె తేలికగా ఉండాలి, చెమ్మ తగిలితే విడిపోకూడదు, జిగురు వాసన తేయాకుకు అంటకూడదు. ఈ చిక్కులు ఏ ఒక్క మిల్లువి కావు, అన్ని మిల్లులవీను. ఒక్కొక్క మిల్లు ఒక్కొక్క రసాయన శాస్త్రజ్ఞుణ్ణి పెట్టుకుని భరించే స్థితి లేదు. కనుక బజారులో ఒకరితో ఒకరు పోటీపడే ఆ మిల్లులవారే ఒక చోట చేరి, ప్రభుత్వ తోడ్పాటుతో 1962లో బెంగుళూరులో ఒక సహకార పరిశోధన శాలను స్థాపించుకున్నారు. భారత ప్లైవుడ్ పరిశ్రమల పరిశోధన, శిక్షణ సంస్థగా పేరు తెచ్చుకున్నది అదే. తరువాత అది కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వశాఖ కిందికి, ఇటీవలి సంవత్సరాలలో భారత అటవీ పరిశోధన విద్యా మండలిలోకి చేరింది. మల్లేశ్వరంలోని కలప విజ్ఞాన సాంకేతిక సంస్థ ఇంకా పాతది. 1938లో మైసూరు సంస్థానం పెట్టిన అటవీ పరిశోధన శాల 1988లో ఈ పేరుతో పెరిగింది.

మన నేతలోనూ ఇటువంటి ఏర్పాటు కొత్త కాదు. అహమ్మదాబాదు మిల్లులవారు 1947లో అతిరాను, కోయంబత్తూరు మిల్లులవారు 1956లో సిత్రాను పెట్టుకున్నారు. చేనేత కోసం వీవర్స్ సర్వీస్ సెంటర్లు 1956లో మొదలైనాయి. బేరం దగ్గర పోటీ, చిక్కు దగ్గర పొత్తు. ఈ సూత్రం పాటించిన పరిశ్రమే ముందుకు పోయింది.

చాప ఎందుకు ప్రయోగశాలకు వెళ్ళింది?

అడవి తరిగింది. మంచి దుంగ దొరకడం కష్టమైంది. 1988 జాతీయ అటవీ విధానం అడవి మీద ఆధారపడే పరిశ్రమలను తమ ముడి సరుకు రైతుల పొలాలనుంచి తెచ్చుకోమన్నది. 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఈశాన్య రాష్ట్రాలలో ఎన్నో కలప మిల్లులు ఆగిపోయినాయి. దుంగ లేకుండా బల్ల చేయడం ఎట్లాగన్న ప్రశ్న పుస్తకాలనుంచి బతుకులోకి వచ్చింది.

వెదురు ఉంది. మూడు నాలుగేళ్ళకే కోతకు వస్తుంది. కాని గుండ్రంగా, లోపల డొల్లగా ఉంటుంది. దుంగను ఒలిచినట్లు వెదురును ఒలిచి పలుచని పొరలు తీయడం సులువు కాదు. ఈ చిక్కుకు విరుగుడు శాస్త్రజ్ఞుల దగ్గర లేదు, చాప అల్లేవారి దగ్గర ఉంది. వెదురును నిలువునా చీల్చి, మిల్లీమీటరు మందానికి అటూ ఇటూగా పేళ్ళు తీసి, చదునైన చాపగా అల్లడం వారికి తరతరాల విద్య. మన మేదరులు బుట్టలకు, చేటలకు, తడికలకు చేసే పనే ఇది. గుండ్రని వెదురును పరిశ్రమకు కావలసిన చదును వస్తువుగా మార్చినది ఆ చేతులే.

కేరళలో అంగమాలి కేంద్రంగా 1971లో ఏర్పడిన రాష్ట్ర వెదురు సంస్థ, అడవినుంచి ఈట వెదురు తెప్పించి ఇళ్ళలో అల్లేవారికి ఇచ్చి, చాపలు తిరిగి కొనేది. 1980లలో బెంగుళూరు పరిశోధన సంస్థ, కెనడా దేశపు అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రం సహాయంతో వెదురు చాప బోర్డు మీద గట్టిగా పనిచేసింది. అల్లిక ఇంట్లో, రసాయనం బెంగుళూరులో, డబ్బు సముద్రాల అవతలనుంచి. మూడు పోగులు అక్కడ ముడిపడినాయి.

చిక్కులు, విరుగుడులు

పని చెప్పినంత తేలికగా సాగలేదు. చిక్కులు చూస్తే పనివారి విలువ తెలుస్తుంది.

మొదటి చిక్కు పురుగు. వెదురులో పిండి పదార్థం ఎక్కువ. దానికోసం పుచ్చు పురుగు వస్తుంది. కనుక బోరాక్సు వంటి మందులు పట్టించవలసి వచ్చింది. రెండవది చెమ్మ. చాప సరిగా ఆరకపోతే వేడి ప్రెస్సులో ఆవిరి లోపలే చిక్కుకుని బల్ల పొంగుతుంది. మూడవది జిగురు. నీటికి తట్టుకునేది ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు. అది ఖరీదైనది. అల్లిక సందులలో ఎక్కువ జిగురు నిలిచి ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఫినాలులో కొంత భాగానికి బదులు జీడి తొక్క నూనెనుంచి తీసే కార్డనాల్ వాడవచ్చునని పరిశోధకులు చూపారు. పలాసలో జీడిపప్పు కొనేటప్పుడు తొక్క ఏమవుతుందని మనం అడగం. అది కూడా ఒక బల్లకు అంటుకునే అవకాశం ఉన్నదని తెలిస్తే, ఒక పరిశ్రమ చెత్త మరొక పరిశ్రమకు సరుకెట్లా అవుతుందో అర్థమవుతుంది.

నాలుగవ చిక్కు మనకు బాగా తెలిసినది: సమానత. ఒక ఇంటి పేడు పలుచన, మరొక ఇంటి పేడు మందం. చాప మీద చాప పేర్చినప్పుడు మందం తేడా వస్తే బల్ల ఒకచోట గట్టిగా, ఒకచోట బోలుగా దిగుతుంది. నూలు నంబరు కలగాపులగమైతే గుడ్డ ఎట్లా చారలు కడుతుందో ఇదీ అంతే. పేళ్ళు తీయడానికి చిన్న యంత్రాలు వచ్చినాయి. అల్లిక మాత్రం చాలావరకు చేతిలోనే మిగిలింది.

ఐదవది అన్నిటికంటె పెద్దది: నమ్మకం. "చాపతో చేసిన బల్ల" అంటే కొనేవాడు పెదవి విరుస్తాడు. ఇంజనీరు తన కాగితం మీద రాయడు. ప్రభుత్వ టెండరులో దానికి గడి ఉండదు. ఈ తలుపు తెరిచినది పత్రికా ప్రకటన కాదు, ప్రమాణం. భారత ప్రమాణాల సంస్థ 1994లో వెదురు చాప బోర్డుకు ఐ.ఎస్. 13958 అనే ప్రమాణం ఇచ్చింది. మధ్యలో కలప పొర, పైన కింద చాప ఉండే మిశ్రమ బల్లకు 1999లో ఐ.ఎస్. 14588 వచ్చింది. ఆ నంబరు పడిన తరువాత చాప బల్ల ఒక వింత వస్తువు కాకుండా సరుకుల పట్టీలో ఒక సరుకు అయింది.

బల్లనుంచి కప్పుకు

ఒక పొత్తు కుదిరితే దానిలోనుంచే రెండవ సరుకు పుడుతుంది. చదునైన ప్రెస్సు పలకల స్థానంలో అలలు తీరిన పలకలు పెడితే ఏమవుతుందని ఆలోచించారు. చాపలు అలలు అలలుగా గట్టిపడి ఇంటి కప్పుకు పనికివచ్చే రేకు తయారైంది. దీనిలో బెంగుళూరు సంస్థతో కలిసినది ఢిల్లీలోని నిర్మాణ సామగ్రి సాంకేతిక ప్రోత్సాహక మండలి. ఇళ్ళు కట్టేవారికి ఏమి కావాలో ఆ మండలికి తెలుసు, చాపను ఎట్లా గట్టిపరచాలో ఈ సంస్థకు తెలుసు. వెదురు సమృద్ధిగా ఉన్న మేఘాలయలోని బర్నిహాట్‌లో ఉత్పత్తి మొదలైంది. 2004లో ఈ రేకుకు ఐ.ఎస్. 15476 ప్రమాణం వచ్చింది. ఇనుప రేకు కింద ఎండలో కూర్చున్నవారికి, వానలో దాని చప్పుడు విన్నవారికి ఈ వెదురు రేకు విలువ వేరే చెప్పనక్కరలేదు.

అదే 2004లో మరొక ముచ్చట జరిగింది. బ్రిటనులోని కలప పరిశోధన సంస్థ ట్రాడాతో కలిసి బెంగుళూరువారు వెదురు ఇల్లు ఒకటి రూపొందించారు. భూకంపానికి నిలుస్తుందా అన్నది ప్రశ్న. దానిని పరీక్షించే కదిలే వేదిక బెంగుళూరులోనే కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థలో ఉంది. విద్యుత్ పరికరాల కోసం పెట్టుకున్న వేదిక మీద వెదురు ఇంటిని నిలబెట్టి ఊపారు. మన దేశంలో అత్యంత ప్రమాదకరమైన మండలానికి తగిన కుదుపులనూ, 1995లో జపానులోని కోబే నగరాన్ని కూల్చిన భూకంపం తీరు కుదుపులనూ ఆ ఇల్లు తట్టుకున్నది. పక్క వీధి సంస్థలో ఏ పరికరం ఉన్నదో తెలిసి ఉండడం, వెళ్ళి అడగడం ఎంత పెద్ద పెట్టుబడియో దీనివలన తెలుస్తుంది.

మన గడ్డ మీద ఇవే గుర్తులు

ఇదంతా ఎక్కడో పెద్ద సంస్థలకే చెల్లుతుందని ఎవరైనా అనవచ్చు. మన తెలుగునాట రెండు నిదర్శనలు చాలు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క పట్టించి బొమ్మలు చేయడం అక్కడివారి విద్య. కర్ణాటకలో చెన్నపట్నం బొమ్మలకు వాడేదీ ఈ కర్రే, పేరు మాత్రం అక్కడ వేరు. రసాయన రంగులు వచ్చి పాత వృక్ష వర్ణాలు మరుగున పడినాయి. పిల్లలు నోట పెట్టుకునే బొమ్మకు విషం రంగు ఎందుకన్న ప్రశ్న పరదేశపు బజారులలో లేచేసరికి ఆ రంగులే అడ్డమైనాయి. అప్పుడు సి. వి. రాజు గారు పనివారిని కూడగట్టి, గింజలు, బెరళ్ళు, వేర్లు, ఆకులనుంచి రంగులు తీసి లక్కతో కలిపే విద్యను మళ్ళీ నిలబెట్టారు. కర్ర అడవిది, లక్క అడవిది, రంగు అడవిది. కాని ఆ మూడింటినీ కొనేవాడి భయంతో ముడివేసి చూసినప్పుడే కొత్త సరుకు పుట్టింది. 2017లో ఏటికొప్పాక బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కాగితం ఎందుకని పెదవి విరిచినవారికి జవాబు మూడేళ్ళలోనే దొరికింది. 2021 జనవరి 1నుంచి దేశంలో ఆటబొమ్మలన్నిటికీ ప్రమాణ ముద్ర తప్పనిసరి అయినప్పుడు, భౌగోళిక గుర్తింపు కలిగిన బొమ్మలకూ, హస్తకళల శాఖలో నమోదైన పనివారికీ మినహాయింపు ఇచ్చారు. నమోదు కానివాడి గతి ఏమిటో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది.

రెండవది మన ఇంటి కథ. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం సంగతి మన సభ్యులకు వేరే చెప్పవలసిన పని లేదు. పట్టుపోగును మేకుల చుట్టూ రోజుకు వేలసార్లు తిప్పి తిప్పి తల్లి లక్ష్మమ్మ భుజం పడిపోతుంటే చూడలేక 1992లో ఆయన పని మొదలుపెట్టారు. 1999 నాటికి యంత్రం పూర్తి అయింది. చివరి చిక్కు విప్పినది మాత్రం మగ్గం కాదు. హైదరాబాదులో బాలానగర్‌లోని ఒక కార్ఖానాకు వేరే పనిమీద వెళ్ళినప్పుడు అక్కడ తిరుగుతున్న ఒక యంత్రం కదలిక ఆయన కంటబడింది. వేరే వృత్తి చూపిన దారి అది. తరువాత పల్లెల్లోని కొత్త పనిముట్లను వెదికి పట్టుకునే హనీ బీ నెట్‌వర్కు, మన వైపు పల్లె సృజన వంటివారు ఆ యంత్రానికి బయటి లోకంతో సంబంధం కలిపారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఏడేళ్ళ పట్టుదల ఆయన స్వంతం. అందులో సందేహం లేదు. కాని ఆ పట్టుదల వందల ఇళ్ళకు చేరడానికి పది చేతులు కావలసి వచ్చినాయి.

చెట్టునుంచి దారం

అడవి పరిశ్రమ మన మగ్గం దాకా వచ్చిన దారి మరొకటి ఉంది. కలప గుజ్జును రసాయనాలతో కరిగించి సన్నని రంధ్రాల గుండా లాగితే రేయాన్ దారం వస్తుంది. కర్ణాటకలో హరిహర్ దగ్గర 1972నుంచి ఈ గుజ్జు తయారవుతున్నది. మన ములుగు జిల్లా కమలాపురంలో కూడా రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. 2014లో అక్కడ ఉత్పత్తి ఆగింది. దాని మీద ఆధారపడిన కుటుంబాలు, దాని కోసం జామాయిలు వేసిన రైతులు, లారీలవారు అందరూ ఒక్కసారే చిక్కులో పడినారు. పొత్తు అంటే లాభమే కాదు. ఒక కొన తెగితే అందరి చేతిలోని దారమూ జారిపోతుంది.

ఇక దూరదేశం సంగతి. ఫిన్లాండు అడవుల మీద బతికిన దేశం. కాగితానికి గిరాకీ తగ్గుతుందని తెలిసి, అక్కడి ఆల్టో విశ్వవిద్యాలయం, హెల్సింకీ విశ్వవిద్యాలయం కలిసి కలపనుంచి అయాన్‌సెల్ అనే కొత్త దారం తీశాయి. రేయాన్‌కు వాడే ఘాటైన కార్బన్ డైసల్ఫైడు దీనికి అక్కరలేదు. రసాయన శాస్త్రజ్ఞులు అంతటితో ఆగలేదు. 2014లో ఆ దేశపు ప్రసిద్ధ వస్త్ర సంస్థ మరిమెక్కోతో కలిసి ఆ దారంతో దుస్తు చేయించారు. 2018 స్వాతంత్ర్య దినోత్సవ విందుకు ఆ దేశాధ్యక్షుని భార్య బర్చి చెట్టు కలపనుంచి వచ్చిన ఈ దారపు గౌను ధరించారు. అడవి, ప్రయోగశాల, నేత, కుట్టు, రాజభవనం ఒకే వరుసలో నిలబడినాయి. దారం తీసి గిడ్డంగిలో పెట్టి కొనేవాడి కోసం ఎదురుచూడకుండా, దుస్తు చేసేవారిని మొదటినుంచే పక్కన కూర్చోబెట్టుకోవడం అందులోని కిటుకు.

తెగిన పోగు

ఇంతవరకు చెప్పినదంతా విజయగాథలాగా ఉంది. కాని ఆ మేస్త్రి ఇచ్చిన ముక్కను రాత్రి దీపం కింద మళ్ళీ చూస్తుంటే ఒక మాట మనసును తొలిచింది. ఆ బల్లకు జిగురు ఏదో ప్రమాణంలో రాసి ఉంది. ఎంత వేడిలో నొక్కాలో, ఎంత బరువు ఆపాలో లెక్కలున్నాయి. అల్లినవారికి ఏమి ముట్టాలో మాత్రం ఏ ప్రమాణం చెప్పదు. అల్లిక లేకపోతే ఆ బల్లే లేదు. అయినా ఆ పొత్తులో మిక్కిలి వెనక వరుసలో కూర్చున్నది అల్లినవారే. చాపకు ఇంతని కూలి. బల్ల ధర పెరిగినా, దానికి కొత్త రూపు వచ్చినా, ఆ పెరుగుదల చాప దాకా దానంతట అది దిగి రాదు.

ముడి సరుకు సంగతి కూడా అంతే. 1927 అటవీ చట్టం గడ్డిజాతికి చెందిన వెదురును చెట్టుగా లెక్కకట్టింది. తన పెరటిలో పెంచిన వెదురును నరికి తరలించడానికి కూడా అనుమతి కాగితం వెదుక్కోవలసిన గతి పట్టింది. అడవి వెలుపల పెరిగిన వెదురును ఆ నిర్వచనంనుంచి తీసివేసిన సవరణ 2017లో గాని రాలేదు. తొంభై ఏళ్ళు! ప్రయోగశాల, ప్రమాణాల సంస్థ, రేకుల ఫ్యాక్టరీ అన్నీ ఆ చట్టం సవరణకు ముందే తయారైనాయి. మేదరి చేతికి గెడ అందడమే అన్నిటికంటె ఆలస్యమైంది.

మన చేనేతకూ ఇది కొత్త అనుభవం కాదు. నమూనా మనది, పేరు మన ఊరిది. మరమగ్గం మీద దిగిన నకలు మన చీర పేరుతోనే బజారులో తిరుగుతుంది. కొత్తదనం పుట్టించడం ఒక ఎత్తు, పుట్టిన కొత్తదనంలో మన వాటా నిలుపుకోవడం మరొక ఎత్తు. మొదటిదానికి నేర్పు చాలు. రెండవదానికి సంఘం కావాలి.

మన సంఘాలు ఆలోచించదగినవి

వెదురు చాప కథనుంచి నాకు తోచిన నాలుగు విషయాలు సభ్యుల ముందు ఉంచుతున్నాను.

1. మన చిక్కును రాసి పెట్టుకోవాలి. రంగు దిగుతున్నదా, అచ్చు పళ్ళు అరుగుతున్నవా, కండె చుట్టడంలో నూలు తెగుతున్నదా? చిక్కు స్పష్టంగా రాసినప్పుడే శాస్త్రజ్ఞుడికి పట్టు దొరుకుతుంది. "గిట్టుబాటు లేదు" అన్న ఒక్క మాట పట్టుకుని ఏ ప్రయోగశాలా ఏమీ చేయలేదు.

2. వేరే వృత్తులవారితో మాట్లాడాలి. ఆసుకు దారి బాలానగర్ కార్ఖానాలో దొరికింది. వెదురు ఇంటికి పరీక్ష విద్యుత్ సంస్థలో జరిగింది. మన సమావేశానికి ఏడాదికి ఒకసారైనా ఒక వడ్రంగిని, ఒక రంగుల రసాయనం తెలిసినవాడిని, ఒక కుట్టు దుకాణదారును పిలిచి కూర్చోబెట్టుకోవడం ఖర్చుతో కూడిన పని కాదు.

3. ప్రమాణాన్ని, గుర్తింపును కాగితపు తతంగమని తోసివేయరాదు. చాప బల్లకు తలుపు తెరిచినది ఐ.ఎస్. నంబరు. ఏటికొప్పాక బొమ్మను కాపాడినది భౌగోళిక గుర్తింపు. మన ఊరి సరుకుకు గుర్తింపు ఉన్నచోట కూడా, దానిని వాడుకునే అర్హులుగా ఎందరు నేతగాళ్ళు పేరు నమోదు చేసుకున్నారో ప్రతి సంఘమూ ఒకసారి లెక్క చూసుకోవడం మంచిది.

4. ఒప్పందం మొదటనే కూలి మాట తేల్చుకోవాలి. కొత్త సరుకు తయారీలో మన సంఘం చేరేటప్పుడు, ధర పెరిగితే నేతకు ఎంత, నమూనా మారితే నేర్చుకునే రోజులకు ఎంత అనే సంగతులు కాగితం మీద ఉండాలి. గుడ్డ దిగిన తరువాత అడిగే వాటా దయ అవుతుంది. పడుగు పోసేటప్పుడే చెప్పుకున్న వాటా హక్కు అవుతుంది.

బయలుదేరే రోజున ఆ ముక్కను మేస్త్రికి తిరిగి ఇవ్వబోయాను. "మీ దగ్గరే ఉంచుకోండి, మీవాళ్ళకు చూపించండి" అన్నాడు. వైట్‌ఫీల్డ్ స్టేషనులో రైలు కోసం నిలబడి ఉండగా కంటైనర్ల బండి ఒకటి దాటిపోయింది. ఏ పెట్టెలో ఏ ఊరి చేతిపని ఉన్నదో, దానిలో ఎవరి వాటా ఎంతో బయటినుంచి తెలియదు.

ఆ ముక్క ఇప్పుడు మన సంఘం కార్యాలయంలో బల్ల మీద ఉంది. వచ్చిన సభ్యులు చేతిలోకి తీసుకుని చూడవచ్చు. మనవాళ్ళు చూడగానే మొదట ఆ అల్లికను వేలితో తడుముతున్నారు. జిగురును గురించి అడుగుతున్నది ఆ తరువాతనే.